చూసేవాళ్ల కోసం కాకుండా ఇంట్లోవాళ్ల కోసం క్రిస్మస్ ఎలా చేసుకోవాలి

డిసెంబరు రాకముందే మన ఇళ్లలో లెక్కలు మొదలవుతాయి. గోడలకు రంగు వేయించాలా, సున్నంతో సరిపెట్టాలా? తోడికోడలు పట్టుచీర కొన్నదట, మనం ఏం కట్టుకోవాలి? ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు (క్యారల్స్) పాడటానికి వచ్చే నలభై మందికి ఏం పెట్టాలి? ఎదురింటి నక్షత్రం మనదానికంటే పెద్దదా? ఈ ప్రశ్నల్లో ఒక్కటీ బాలయేసుకు సంబంధించినది కాదు. పోనీ మన ఇంట్లోవాళ్ల సంతోషానికి సంబంధించినది ఏదైనా ఉందా అని వెతికితే అదీ కనబడదు. అన్నీ చూసేవాళ్ల కళ్లకు సంబంధించినవే.

పండుగ మధ్యాహ్నం ఇంటి ఆడవాళ్లు నిద్రకు తూలకుండా, పిల్లలు తిట్లు తినకుండా, జనవరిలో అప్పు మిగలకుండా క్రిస్మస్ గడపడం ఎలాగో వరసగా చెబుతాను. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల ఇళ్లలోనూ హైదరాబాదు అపార్ట్‌మెంట్లలోనూ జరిగే పండుగను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మీ సంఘం లూథరన్ అయినా, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయినా, బాప్టిస్టు అయినా, కతోలిక అయినా ఆరాధన వేళలు మారతాయేమో గాని వంటింటి పనులు మారవు. (కొన్ని సహవాసాల వారు క్రిస్మస్‌ను అసలు పండుగగానే చేయరు. డిసెంబరు మూడో వారంలో వాళ్ల ఇళ్లలోని ప్రశాంతత చూస్తే ఎవరికైనా కాస్త అసూయ కలుగుతుంది.)

1. కాగితం మీద పనులన్నీ రాసి, సగం కొట్టేయండి

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలతో సాగే సిద్ధపాటు రోజులను ఆగమన కాలం అంటారు. దాని మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వస్తుంది. పండుగకు ఇంకా మూడు వారాల పైనే ఉంటుంది కాబట్టి ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో అందరూ కూర్చోండి. ఆరేళ్ల పిల్లవాడినీ మంచం మీద ఉన్న నాయనమ్మనూ వదలవద్దు. క్రిస్మస్ అనగానే గుర్తొచ్చే పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. బూజు దులపడం, పరదాలు ఉతకడం, బట్టలు కొనడం, కుట్టించడం, అరిసెలు, జంతికలు, కేకు, నక్షత్రం, యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ, క్యారల్స్ వాళ్లకు టీ, చర్చి అలంకరణకు చందా, పక్కిళ్లకు పళ్లేలు.

ఇప్పుడు ఒక్కొక్క పని పక్కన రెండు సంగతులు రాయండి. ఎవరు చేస్తారు? ఎవరి కోసం? మొదటి ప్రశ్నకు జవాబులు చూస్తేనే చాలా ఇళ్లలో గుట్టు బయటపడుతుంది. పదిహేను పనుల్లో పన్నెండింటి పక్కన ఒకే మనిషి పేరు ఉంటుంది, ఆ మనిషి పేరు సాధారణంగా ‘అమ్మ’. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. ‘తాతయ్యకు ఇష్టం’ అన్న జవాబు వస్తే ఆ పని ఉంచండి. ‘పాప అడిగింది’ అన్నా ఉంచండి. ‘లేకపోతే ఎవరైనా ఏమనుకుంటారో’ అన్న జవాబు వస్తే ఆ పని మీద అడ్డగీత గీయండి. ఆ ‘ఎవరైనా’ ఎవరో పేరు చెప్పమంటే మామూలుగా ఎవరూ చెప్పలేరు.

కొట్టేసేటప్పుడు తగాదాలు రాకుండా ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ‘ఇది లేకపోతే నాకు పండుగలా ఉండదు’ అని చెప్పుకునే హక్కు ఒక్కటి ఇవ్వండి. ఒక్కటే. అత్తగారు అరిసెలు అనవచ్చు, మామగారు మధ్యాహ్నం మాంసం కూర అనవచ్చు, పిల్లవాడు రంగులు మార్చే దీపాలు అనవచ్చు, కాలేజీ నుంచి వచ్చిన అమ్మాయి 26న పది గంటల దాకా నిద్రపోతాను అనవచ్చు. ఆ కోరికలకు ఎవరూ వంక పెట్టకూడదు. ఇంటి ఇల్లాలిని అడిగితే మొదట ‘నాకేం వద్దులే’ అంటుంది. ఆ జవాబు ఒప్పుకోకండి, మళ్లీ అడగండి.

2. దుకాణానికి వెళ్లకముందే మొత్తం ఖర్చు తేల్చండి

దీని గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. చేతిలో ఉన్నదెంత, అందులో క్రిస్మస్‌కు ఎంత, ఆ అంకె కాగితం మీదే రాయండి. కొన్నాక లెక్క చూసుకుంటే అది లెక్క అనిపించుకోదు, పశ్చాత్తాపం అనిపించుకుంటుంది. పంచుకునే వరస కూడా మార్చి చూడండి. ముందు చర్చి కానుక, తర్వాత తిండి, ఆ తర్వాత పిల్లల బట్టలు, మిగిలితే పెద్దల బట్టలు. మనం సాధారణంగా ఈ వరసను తలకిందులుగా మొదలుపెడతాం. చీటీ డబ్బు ఆ నెలలో వచ్చిందంటే సంతోషమే, కాని దాన్నంతా పండుగకే ముడిపెట్టకండి. వారం తిరగకుండానే 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధన, కొత్త సంవత్సరం, మరో పది పదిహేను రోజులకు సంక్రాంతి. బంధువుల్లో హిందువులు ఉంటే ఆ పండుగకూ రాకపోకలు ఉంటాయి. బట్టల కోసం బంగారం తాకట్టు పెట్టే ఆలోచన ఇంట్లో ఎవరి నోటి నుంచి వచ్చినా ఆ సంభాషణ అక్కడే ఆపేయండి.

3. బట్టల సంగతి గట్టిగా తేల్చుకోండి

మన క్రిస్మస్‌లో పోలిక బరువు ఎక్కువగా పడేది ఇక్కడే. 25 ఉదయం చర్చి ఆవరణలో చెప్పులు విడిచే చోట నిలబడి చూడండి. శుభాకాంక్షలు చెప్పుకునే లోపే చూపులు చీర అంచు మీదకు వెళ్లిపోతాయి. ‘ఎంత పడింది?’ అన్న ప్రశ్న ‘హ్యాపీ క్రిస్మస్’కు వెనకే వస్తుంది. కొత్త బట్ట లేని పిల్ల ఆ రోజు సండే స్కూలు పాటలో వెనక వరసలో నిలబడుతుంది.

కాబట్టి పిల్లలకు కొత్త బట్ట కొనవద్దని నేను చెప్పను. పిల్లల దగ్గర సిద్ధాంతాలు పనిచేయవు. కొనండి, కాని మూడు సంగతులు పాటించండి. ఒకటి, చర్చికి వేసుకున్నాక బడికో పెళ్లికో మళ్లీ వేసుకోగలిగేది కొనండి. ఆ ఒక్క రోజు కోసం కుట్టించిన గుచ్చుకునే నెట్టు గౌను ఆరాధన సగంలోనే పిల్లను ఏడిపిస్తుంది. రెండు, కుట్టించేదైతే నవంబరులోనే బట్ట ఇచ్చేయండి. డిసెంబరు సగమయ్యేసరికి టైలర్ల దగ్గర ఖాళీ ఉండదు. 24 రాత్రి పది గంటలకు టైలరు కొట్టు ముందు నిలబడే దుస్థితి కంటే పాత జాకెట్టే నయం. మూడు, ఎదిగే పిల్లలకు అక్క బట్ట చెల్లికి వస్తే దాన్ని దాచిపెట్టి కొత్తదని చెప్పకండి. ‘అక్క వేసుకున్నది, ఇప్పుడు నీకు’ అని ముందే చెప్పి, దానికి సరిపోయే రిబ్బనో గాజులో ఆ పిల్లనే ఎంచుకోనివ్వండి.

పెద్దల మాట వేరు. బీరువా తెరవండి. గత రెండేళ్లలో ఒక్కసారే కట్టిన చీరలు తీసి మంచం మీద పరవండి. వాటిలో ఒకటి ఇస్త్రీకి ఇచ్చి, మీ బట్ట అయిపోయిందని కాగితం మీద టిక్కు పెట్టేయండి. అది పోయినేడాది చీరేనని ఎవరైనా గుర్తుపడితే ‘అవును, నాకు ఇష్టమైన చీర’ అని చెప్పండి. ఆ ఒక్క వాక్యం ముందు నిలిచే ఎదురుప్రశ్న ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. చర్చిలోని స్త్రీల సమాజంలో అందరూ ఒకే రంగు చీర కొనాలని తీర్మానం చేస్తే, ఆ ఖర్చు భరించలేని వాళ్లు నోరు విప్పలేరని గుర్తుపెట్టుకుని, భరించగలిగిన మీరే లేచి ‘ఇంట్లో ఉన్న తెల్లచీర కట్టుకుందాం’ అని అనండి. మీకు పోయేది లేదు, ఆ మూలన కూర్చున్న మనిషికి ఊపిరి తిరుగుతుంది.

ఇంటిల్లిపాదీ ఒకే రంగు బట్టలు వేసుకోవడం ఇటీవల వచ్చిన వేడుక. మీకందరికీ నిజంగా సరదా అయితే చేసుకోండి. పదిహేనేళ్ల కుర్రవాడు ముఖం ముడుచుకుంటే మాత్రం అతన్ని వదిలేయండి.

4. ఇల్లు అతిథి కూర్చునేంత శుభ్రంగా ఉంటే చాలు

ముందు గది, స్నానాలగది, వంటగది. ఈ మూడే శుభ్రం చేయండి. పైఅటక మీద సామాను, బీరువా వెనక బూజు, పాత పుస్తకాల గూడు ఫిబ్రవరిలోనూ అక్కడే ఉంటాయి. రంగులు వేయించాలనుకుంటే పండుగకు కనీసం మూడు వారాల ముందే అయిపోవాలి. వాసన పోకముందే చుట్టాలు దిగితే ఆయాసం ఉన్నవాళ్లకు ఇబ్బంది. ఈ ఏడాది కుదరకపోతే మరకలున్న గోడ మీద పిల్లలు గీసిన బొమ్మలు అతికించండి.

నక్షత్రం విషయంలో నాది ఒకే మాట: వీధి నుంచి చూస్తే ఆ ఇంట్లో క్రిస్మస్ అని తెలియాలి, అంతే. పరిమాణం పోటీ పెట్టుకోకండి. డిసెంబరు మంచుకు కాగితపు నక్షత్రం నాలుగు రోజుల్లో మెత్తబడి చిరుగుతుంది, ఆరుబయట కట్టేదైతే ప్లాస్టిక్‌ది తీసుకోండి, కాగితపుది వరండా లోపల కట్టండి. లోపల పాతకాలపు బల్బు కాకుండా తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టండి. అది అంతగా వేడెక్కదు, కాగితం కాలే భయం తక్కువ. వైరు అతుకులు తెరిచి వదలకండి, టేపు చుట్టండి, హోల్డరు మీద నీళ్లు కారకుండా చూడండి. మేడ పిట్టగోడ మీద ఎక్కి కట్టే పని చీకటి పడ్డాక పెట్టుకోవద్దు.

పశువుల పాక పిల్లల చేతికి పూర్తిగా వదిలేయండి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే కతోలిక సన్యాసి క్రీస్తు జననాన్ని కళ్లకు కట్టించడానికి తెప్పించినవి ఒక తొట్టి, గడ్డి, ఎద్దు, గాడిద. ఇప్పుడు మనం దానికి ఫోము కొండలు, నీటి మోటారు, పొగ యంత్రం చేర్చాం. ఒక అట్టపెట్టె, కొంచెం వరిగడ్డి, ఇంట్లో ఉన్న బొమ్మలు చాలు. ఏనుగు బొమ్మ ఉంటే అదీ వస్తుంది, రానివ్వండి. డిసెంబరు 15 ప్రాంతంలో ఒక వెడల్పాటి మూతలో మట్టి పోసి ఆవాలో మెంతులో చల్లి రోజూ నీళ్లు చిలకరిస్తే 24 నాటికి పచ్చిక సిద్ధమవుతుంది. ఈ పని ఇంట్లో అతి చిన్నవాళ్లకు ఇవ్వండి. రోజూ పొద్దున లేవగానే ఎంత మొలిచిందో చూడటానికి పరుగెత్తుతారు, ఆ పది రోజులూ వాళ్లకు పండుగే.

5. పిండివంటల్లో రెండే ఎంచుకోండి

అరిసెలు, జంతికలు, కజ్జికాయలు, గవ్వలు, చెక్కలు, లడ్డు, కేకు. ఈ జాబితా మొత్తం ఒక ఇంట్లో చేయడం ఒకప్పుడు సాధ్యమే. అప్పుడు వీధిలో ఐదారు ఇళ్ల ఆడవాళ్లు కలిసి ఇవాళ ఒక ఇంట్లో, రేపు ఇంకో ఇంట్లో చేసేవారు. పాకం పట్టే చేయి ఒకటి, వత్తే చేయి ఒకటి, వేయించే చేయి ఒకటి. ఇప్పుడు అన్ని చేతులూ ఒక్క మనిషివే, అదీ ఆఫీసు నుంచి వచ్చాక. జాబితా మాత్రం తగ్గలేదు.

ఒక తీపి, ఒక కారం. అంతే. కారం జంతికలైతే వారం ముందే చేసి గాలి చొరని డబ్బాలో పెట్టుకోవచ్చు. తీపి అరిసెలే కావాలని ఎవరైనా తమ హక్కు వాడుకుంటే రెండు దారులున్నాయి. మొదటిది, పక్కింటివాళ్లతోనో ఆడపడుచుతోనో కలిసి ఒకే రోజు చేసుకోవడం. అరిసెలు ఒంటిచేత్తో చేసే వంట కాదు. బియ్యం ముందురోజే నానబెట్టాలి, పిండి తడి ఆరకముందే పాకంలో పడాలి, పాకం ముదిరితే గట్టిపడతాయి, లేతగా ఉంటే నూనెలో విచ్చిపోతాయి. ఒకరు వేయిస్తుంటే ఇంకొకరు చెక్కల మధ్య నొక్కి నూనె తీయాలి. రెండో దారి, కొనడం. స్వగృహ దుకాణాల్లోనూ ఇంట్లో చేసి అమ్మే ఆడవాళ్ల దగ్గరా మంచి అరిసెలే దొరుకుతాయి. పండుగ నెలలో వాళ్ల చేతికీ నాలుగు డబ్బులు వస్తాయి. డిసెంబరు మొదటి వారంలోనే చెప్పి ఉంచండి. కొన్నవని చెప్పడానికి మొహమాటపడకండి, స్టీలు డబ్బాలోకి మార్చి ఇంట్లో చేసినట్టు నటించే శ్రమ అసలే వద్దు.

అన్నిటికంటే సులువైన తీపి రవ్వలడ్డు. రవ్వను నేతిలో దోరగా వేయించి, పంచదార పొడి, యాలకులు, జీడిపప్పు కలిపి ఉండలు కట్టడమే, గంటలో అయిపోతుంది. పాలు చల్లి కడితే మూడు నాలుగు రోజులకంటే ఉంచకండి. నెయ్యి కాస్త ఎక్కువ పోసి, పాలూ పచ్చికొబ్బరీ లేకుండా కడితే పది రోజులు ఉంటాయి. ఉండలు కట్టడం పిల్లలకు, మగవాళ్లకు ఇవ్వండి. ఒకటి నిమ్మకాయంత, ఒకటి బత్తాయంత వస్తాయి. పళ్లెంలో అలాగే పెట్టి ఇవ్వండి.

కేకు బేకరీదే తెచ్చుకోండి.

ఇక మధ్యాహ్న భోజనం. పలావు లేదా బగారా అన్నం, ఒక మాంసం కూర, పెరుగు పచ్చడి. శాకాహారులు వస్తారనుకుంటే ఒక కూరగాయల కుర్మా. బిర్యానీ, వేపుడు, పులుసు, చేప, మూడు రకాల తీపి కలిపి పెట్టాలన్న పట్టుదల వదిలేయండి. ఎనిమిది రకాలు పెట్టినా అతిథి గుర్తుపెట్టుకునేది ఒకటో రెండో. 25 పొద్దున మాంసం కొట్ల దగ్గర పెద్ద వరస ఉంటుంది కాబట్టి రెండు రోజుల ముందు చెప్పి, 24 సాయంత్రమే తెచ్చి, పెరుగు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఉల్లిపాయలు తరగడం, వేయించి పెట్టుకోవడం కూడా 24నే. ఇలా చేస్తే పండుగనాడు పొయ్యి దగ్గర నిలబడే సమయం గంటన్నరకు మించదు.

యేసు ఇంటికి వస్తే అక్క మార్త పనుల్లో మునిగిపోయింది, చెల్లెలు మరియ ఆయన మాటలు వింటూ కూర్చుంది. బైబిల్లోని ఈ మార్త, మరియల కథ మీద ప్రసంగం వినని క్రైస్తవ స్త్రీ ఉండదు. పనుల గురించి విచారపడక ప్రభువు పాదాల దగ్గర కూర్చోమని ప్రతి ఏడాదీ చెబుతారు. ఆ ప్రసంగం విన్న మగవాళ్లు ఇంటికి వచ్చి గిన్నెలు తోమిన దాఖలాలు తక్కువ. మార్తను కూర్చోబెట్టాలంటే ఆమె పని ఇంకెవరో అందుకోవాలి. అందుకే భోజనాల తర్వాత గిన్నెలు ఎవరు తోముతారో మొదట రాసిన పనుల కాగితం మీదే పేరుతో సహా రాసుకోండి. విస్తళ్లో అరిటాకులో వాడితే ఆ పని సగమవుతుంది.

6. క్యారల్స్ రాత్రికి ఒక హద్దు పెట్టుకోండి

యవ్వనస్థులు గిటారు, డప్పు, క్రిస్మస్ తాతతో ఇంటింటికీ తిరిగే రాత్రులు మన క్రిస్మస్‌కు ప్రాణం. కాని తొమ్మిదికి వస్తామన్నవాళ్లు ఒంటిగంటకు వస్తారు. ప్రతి ఇంట్లో టీ, ప్రతి ఇంట్లో బిస్కెట్లు, ప్రతి ఇంట్లో ‘ఇంకో పాట’. పోయిన ఇంట్లో సమోసా పెట్టారని మనం కేకు పెడతాం, మనం కేకు పెట్టామని తర్వాతి ఇంటివాళ్లు బిర్యానీ పొట్లాలు కడతారు. పాడేవాళ్లు నిజానికి నాలుగో ఇంటికే కడుపు నిండి ఉంటారు. ఒక బిందెడు మంచినీళ్లు, వేడి పాలో అల్లం టీయో, డబ్బాలోని జంతికలు చాలు. కానుక కవరు ముందే సిద్ధం చేసి గుమ్మం దగ్గర పెట్టండి. ఇంట్లో పసిబిడ్డ ఉన్నా, పరీక్షలు ఉన్నా, జబ్బుమనిషి ఉన్నా బృందాన్ని నడిపే అన్నకు ముందురోజే ఫోను చేసి ‘మా ఇంటికి మొదట రండి, లేదా వాకిట్లో ఒక పాట పాడి వెళ్లండి’ అని చెప్పండి. ఎవరూ తప్పుపట్టరు. మైకు సంగతి కూడా చెప్పండి. వీధిలో మిగతావాళ్లకు పొద్దున పనులుంటాయి.

7. 24 రాత్రి, 25 పగలు: ఖాళీని ముందే కేటాయించండి

24 సాయంత్రం ఆరు తర్వాత కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదన్నది ఇంటి నియమం. మిగిలిపోయింది మిగిలిపోయినట్టే. అర్ధరాత్రి పూజకు వెళ్లే కతోలిక కుటుంబాలు సాయంత్రం ఒక కునుకు తీయండి. తెల్లవారుజామునే ఆరాధన ఉండే ఊళ్లవాళ్లు బట్టలు, బైబిలు, కానుక, పసిపిల్లల సంచి ఒకే కుర్చీ మీద పెట్టి తొమ్మిదికల్లా పడుకోండి. పొద్దున ఇడ్లీ పిండో ఉప్మానో, ఆలోచించనక్కరలేని ఫలహారం ఏదైనా సరే.

చర్చికి కాస్త ముందుగా వెళ్లండి, పెద్దవాళ్లకు కుర్చీ దొరుకుతుంది. కిక్కిరిసిన ఆవరణలో పిల్లలు తప్పిపోకుండా పెద్దల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిల్లవాడిని అప్పగించండి.

భోజనం తర్వాత రెండు నుంచి నాలుగున్నర దాకా ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి. ఆ సమయంలో రావద్దని దగ్గరివాళ్లకు ముందే చెప్పవచ్చు: ‘ఐదు తర్వాత రండి వదినా, అప్పుడైతే తీరిగ్గా కూర్చుంటాం’. మెదక్ చర్చి చూద్దామని అదే రోజు కారెక్కే హైదరాబాదు కుటుంబాలకు ఒక మాట. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన గుడి అది, కరువు కాలంలో కూలీలకు పనీ తిండీ కల్పిస్తూ కట్టించినది. తప్పకుండా చూడవలసిందే. కాని పండుగనాడు అక్కడికి జనం వేలల్లో వస్తారు. పసిపిల్లలతో, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మతో వెళ్లాలంటే జనవరిలో ఒక మామూలు రోజు ఎంచుకోండి. రంగుటద్దాల కిటికీల ముందు నిలబడే తీరిక దొరుకుతుంది.

దూరాన ఉన్నవాళ్లకు ఫోను చేసే వేళ కూడా ముందే అనుకోండి. గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటి పనులకు వెళ్లిన అమ్మలకు డిసెంబరు 25 సెలవు కాదు. అక్కడ పని ముగిసి రాత్రి తొమ్మిదైతే మనకు పదకొండున్నర. ఆ రాత్రి పిల్లలను మేలుకోనివ్వండి, లేదా ఆమెకు వీలైన మరో వేళ ముందే అడిగి తెలుసుకోండి. అమెరికా తూర్పు తీరంలో ఉన్నవాళ్లు ఉదయం ఎనిమిదికి లేస్తే మనకు సాయంత్రం ఆరున్నర. ఆ ఫోనులో ఇల్లంతా తిప్పి చూపించమని అడిగితే వంటగది గట్టు మీద గిన్నెలతో సహా చూపించండి. పరాయి దేశంలో ఉన్నవాళ్లు చూడాలనుకునేది అదే.

8. ఫొటోలకు పది నిమిషాలు

చర్చి నుంచి రాగానే, బట్టలు మార్చకముందే, వెలుగున్న వరండాలో ఒక కుటుంబ ఫొటో, పెద్దవాళ్లతో ఒకటి, పిల్లలతో ఒకటి. తర్వాత ఫోను బీరువా మీద పెట్టేయండి. స్టేటస్ మరునాడు పెట్టుకోవచ్చు. ఆ రోజు ఇతరుల స్టేటస్‌లు చూడటం మొదలుపెడితే మన రవ్వలడ్డు చిన్నబోతుంది. వాళ్ల ఫొటోలో కనబడేది అలంకరించిన మూల ఒక్కటే. కెమెరా వెనక ఉన్న బట్టల గుట్ట మనకు కనబడదు.

9. ప్రశ్నలకు, దుఃఖానికి చోటు పెట్టండి

బంధువులు కలిస్తే ప్రశ్నలు తప్పవు. ‘పెళ్లెప్పుడు?’, ‘ఇంకా పిల్లలు లేరా?’, ‘ఉద్యోగం వచ్చిందా?’, ‘బాగా లావయ్యావే!’ ఇంటి పెద్దగా మీరు చేయగలిగింది ఒకటి ఉంది. ఆ ప్రశ్న ఎదుర్కోబోయే మనిషిని ముందే పక్కకు పిలిచి, ‘మేనత్త అడుగుతుంది, నేను మాట మారుస్తాను, నువ్వు వంటింట్లోకి వచ్చెయ్’ అని చెప్పండి. అడిగిన తర్వాత ‘అక్కా, ముందు కూర రుచి చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి’ అంటే చాలు. వంట మీద తీర్పు చెప్పమంటే ఏ మేనత్తా కాదనదు.

ఆ ఏడాది ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే నక్షత్రం కట్టాలా వద్దా అన్నది వీధికి సంబంధించిన ప్రశ్న కాదు. పోయిన మనిషికి అందరికంటే దగ్గరైనవారిని అడగండి. కట్టమంటే కట్టండి, వద్దంటే మానండి, చిన్న దీపం చాలంటే అలాగే చేయండి. పిండివంట వండని ఇంటికి చుట్టుపక్కలవాళ్లే పళ్లేలు తెస్తారు. తీసుకోండి, తిరిగి ఏం పెట్టాలా అని వెతుక్కోకండి.

పక్కిళ్లకు పంపే పళ్లేలు మాత్రం మానకండి. ముస్లిం ఇంటి నుంచి వచ్చే రంజాన్ సేమ్యాకు, హిందూ ఇంటి నుంచి వచ్చే ఉగాది పచ్చడికి ప్రతిగా మన చేతి నుంచి వెళ్లేది ఇదే. నాలుగు జంతికలు, రెండు లడ్లు, ఒక కేకు ముక్క, ఒక అరటిపండు. మెరుపు కాగితం పెట్టెలు కొననక్కరలేదు. పిల్లల చేత పంపండి, వాళ్లకు ఆ ఇళ్లలో ఆదరణ ఉంటుంది.

10. 26 నుంచి జనవరి 6 దాకా

వెళ్లలేని ఇళ్లు, పిలవలేని చుట్టాలు మిగిలిపోయారని 25 సాయంత్రం బాధపడకండి. తూర్పు జ్ఞానుల రాకను స్మరించే పండుగ జనవరి 6. సంప్రదాయం ప్రకారం అప్పటిదాకా క్రిస్మస్ కాలమే. రోజుకో ఇల్లు చొప్పున తీరిగ్గా వెళ్లిరండి. ముందు వృద్ధులు ఒంటరిగా ఉండే ఇళ్లకు వెళ్లండి, 25న వాళ్ల దగ్గరకు వచ్చినవాళ్లంతా రెండు నిమిషాలు నిలబడి వెళ్లినవాళ్లే.

26 ఉదయం వంట వద్దు. మిగిలిన కూర బాగా మరగనిచ్చి వేడి చేసుకోండి, ఫ్రిజ్‌లో పెట్టకుండా రాత్రంతా బయట ఉన్న మాంసం మాత్రం పారేయండి. మొదట రాసిన పనుల కాగితం తీసి కొట్టేసిన పనుల్లో దేని గురించైనా ఎవరైనా నిజంగా అడిగారా అని పక్కన అవును, కాదు రాయండి. ఆ కాగితాన్ని నక్షత్రం దింపినప్పుడు దాని డబ్బాలోనే పెట్టండి. బల్బు విడిగా తీసి గుడ్డలో చుట్టి, వైరు వదులుగా చుట్టి, ప్లాస్టిక్ నక్షత్రాన్ని తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాకే మడవండి.